నేనెవరినో చెప్పాల్సింది ఎవరు? గ్రీకు విషాద నాటకాల్లోనూ మన ఇళ్లలోనూ గుర్తింపు కోసం వెతుకులాట

బడిగంట (చర్చ మొదలుపెట్టినవారు)

మిత్రులకు నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను. ఏటా పదో తరగతి పిల్లల వివరాలను పరీక్షల బోర్డుకు పంపేటప్పుడు ఒక్కొక్కరి ఒంటి మీద రెండేసి పుట్టుమచ్చలు వెతికి రాసే పని నాకు పడుతుంది. కుడి మోచేతి కింద ఒకటి, మెడకు ఎడమవైపున ఒకటి అని నేను రాసిన మాటలు ఆ పిల్లల సర్టిఫికెట్ల మీద జీవితాంతం ఉండిపోతాయి. ఈ సంవత్సరం ఆ పని సాగుతున్న రోజుల్లోనే రాత్రిపూట సోఫోక్లిస్ రాసిన ఈడిపస్ రాజు నాటకాన్ని మూడోసారి చదివాను. అంతకుముందు రెండుసార్లూ తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడటం అనే ఘోరాల మీదనే నా మనసు నిలిచింది. ఈసారి ఆ మనిషి చీలమండల మీది మచ్చల దగ్గర ఆగిపోయాను.

పుట్టి మూడు రోజులైనా కాకముందే తండ్రి, థీబ్స్ రాజు లాయస్ ఆ బిడ్డ చీలమండలను గుచ్చి బిగించి, కొండ మీద పారవేయమని పంపించాడు. ఈడిపస్ అన్న పేరుకు 'వాచిన పాదాలవాడు' అని అర్థం చెబుతారు. అంటే అతనెవరో తెలిపే ఆనవాలు అతని ఒంటి మీదా ఉంది, పేరులోనూ ఉంది; థీబ్స్ నగరమంతా ఆ పేరుతోనే అతణ్ని పిలిచింది. అయినా ఆ ఆనవాలు కథ చెప్పగలిగినవారు ఇద్దరు పశువుల కాపరులు మాత్రమే. ఒకడు ఆ బిడ్డను అందుకున్న కొరింథు వాడు, మరొకడు చంపకుండా బిడ్డను అతనికి ఇచ్చేసిన, లాయస్ ఇంట పుట్టిపెరిగిన బానిస. వసంతం మొదలుకొని ఆర్క్ట్యూరస్ నక్షత్రం ఉదయించేదాకా, ఆరేసి నెలల చొప్పున మూడేళ్లపాటు వారు కిథైరాన్ కొండ మీద పక్కపక్కన మందలు మేపుకున్నారు. ఒకరి దగ్గర ఒక మంద, మరొకరి దగ్గర రెండు మందలు. ఒక రాజు పుట్టుక రహస్యం ఆ మేతబీళ్ల స్నేహంలో అన్నేళ్లు దాగి ఉంది.

అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో తెలియనితనం నుంచి తెలివిడికి మారడాన్ని 'అనగ్నోరిసిస్' అన్నాడు. మన అభిజ్ఞానం అన్న మాట దానికి చాలా దగ్గరగా ఉంటుంది. మచ్చలు, హారాలు వంటి గుర్తులతో జరిగే అభిజ్ఞానాన్ని ఆయన తక్కువ రకంగా లెక్కవేసి, కథాగతిలోంచి సహజంగా పుట్టేదే ఉత్తమమని చెబుతూ ఈ నాటకాన్నే ఉదాహరణగా చూపాడు. నా ప్రశ్న ఇది. థీబ్స్‌ను పీడించిన స్ఫింక్స్ అనే రాక్షసి వేసిన పొడుపుకథకు 'మనిషి' అన్న జవాబును ఈడిపస్ ఎవరి సాయమూ లేకుండా తన బుద్ధితోనే విప్పాడు. తాను ఏ మనిషి అన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఇద్దరు కాపరుల నోట వినవలసివచ్చింది. మరి నన్ను నేను వెతుక్కోవడం నా ఒక్కడి పనేనా? లేక ఎప్పటికైనా ఇతరుల సాక్ష్యం మీద ఆధారపడవలసిందేనా?

ప్రశ్నలబుట్ట

బడిగంట గారూ, మీ ప్రశ్న మంచిదే కాని దాని అడుగున ఉన్న ఒక భావాన్ని నేను ఒప్పుకోలేను. పుట్టుక తెలిస్తే తానెవరో తెలిసినట్టేనని ఆ నాటకం అనుకుంటోంది, మనమూ అలాగే అనుకుంటున్నాం. ఈడిపస్‌ను పెంచింది కొరింథు రాజు పాలిబస్, రాణి మెరోపీ. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావన్న దైవవాక్కు విని అతను భయంతో పారిపోయింది వారికి కీడు జరగకూడదనే. స్ఫింక్స్‌ను గెలిచి, మహమ్మారి వచ్చినప్పుడు ప్రజల కోసం కన్నీళ్లు పెట్టుకున్న మనిషి నాటకం మొదట్లో ఎవరో చివర్లోనూ అతడే కదా? కాపరి చెప్పిన రెండు మాటలతో ఆ నడత అంతా చెరిగిపోయి, 'లాయస్ కొడుకు' అన్న ఒక్కటే మిగలడం నాకు అన్యాయంగా తోస్తుంది. మన ఊళ్లలో ఇంటిపేరు అడిగి, గోత్రం అడిగి, ఆ తరవాతే మనిషితో మాట మొదలుపెట్టే అలవాటు ఎంతమందిని గాయపరిచిందో నాకు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను.

కృష్ణాతీరం

నేను న్యాయవాదిని. ఈ నాటకాలను చూసిన ఏథెన్స్ ప్రేక్షకులకు 'నీ తల్లిదండ్రులెవరు' అన్నది కేవలం తాత్త్విక ప్రశ్న కాదు, చట్టపు ప్రశ్న కూడా. క్రీ.పూ. 451-450లో అక్కడి నాయకుడు పెరిక్లీస్ ప్రతిపాదన మీద వచ్చిన చట్టం ప్రకారం తల్లి, తండ్రి ఇద్దరూ పౌరకుటుంబాల వారైతేనే బిడ్డకు పౌరసత్వం వచ్చేది. పద్దెనిమిదేళ్ల యువకుణ్ని 'డీమ్' అనే స్థానిక సంఘం వారు ప్రమాణం చేసి, ఓటు వేసి తమ జాబితాలో చేర్చుకునేవారు. ఆర్కన్ అనే పెద్ద పదవికి ఎంపికైనవాణ్ని ముందుగా అడిగే ప్రశ్నలు కూడా నమోదై ఉన్నాయి: నీ తండ్రి ఎవరు, ఆయన డీమ్ ఏది, ఆయన తండ్రి ఎవరు, నీ తల్లి ఎవరు, ఆమె తండ్రి ఎవరు, మీ కుటుంబ సమాధులు ఎక్కడున్నాయి, తల్లిదండ్రులను బాగా చూసుకుంటున్నావా. వీటికి అతను చెప్పే జవాబులు చాలవు, సాక్షులను పిలవాలి.

ఇక క్రీ.పూ. 346-345లో ఏథెన్స్ వారు జాబితాలన్నింటినీ తిరిగి పరిశీలించారు. అప్పుడు హాలిమస్ అనే డీమ్ నుంచి పేరు కొట్టివేతకు గురైన యుక్సిథియస్ అనే వ్యక్తి న్యాయస్థానంలో చేసిన విన్నపం ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ ప్రసంగాల్లో 57వదిగా మనకు మిగిలింది. ఈడిపస్ కథ ఎంత కదిలించినా, వృత్తిరీత్యా కాబోలు, నన్ను ఇది మరింత కదిలిస్తుంది. ఆయన తండ్రి మాట యాసలో పరాయిది వినిపిస్తుందని ప్రత్యర్థులు ఎత్తిచూపారు. ఆయన జవాబు ఏమిటంటే, తండ్రి యుద్ధంలో బందీగా చిక్కి, లూకస్ ప్రాంతానికి బానిసగా అమ్ముడై, క్లియాండ్రస్ అనే నటుడి కంటపడటం వల్ల బయటపడి, ఎన్నో ఏళ్ల తరవాత తనవారిని చేరుకున్నాడు. ఆ యాస పరాయి పుట్టుకకు కాదు, అనుభవించిన కష్టానికి గుర్తు. తల్లి సంతలో రిబ్బన్లు అమ్మేదని, పరాయి బిడ్డకు పాలిచ్చే దాదిగా పనిచేసిందని కూడా ఆక్షేపించారు. పేదరికం పౌరురాలి చేత కూడా అలాంటి పనులు చేయిస్తుందని ఆయన ఒప్పుకొని మరీ చెప్పాడు. చీకటి పడి చాలామంది ఇళ్లకు వెళ్లిపోయాక ఓటు పెట్టారని, ముప్పై మందికి మించి లేనిచోట అరవైకి పైగా ఓట్లు తేలాయని ఆయన ఫిర్యాదు. ఈ విన్నపంలో ఓడితే శిక్ష బానిసగా అమ్మివేయడం. తీర్పు మనకు దొరకలేదు.

ప్రశ్నలబుట్ట గారూ, మీరన్నట్టు నడతే మనిషిని నిర్ణయించాలి. యుక్సిథియస్ అదే డీమ్‌కు అధికారిగా పనిచేసినవాడు, హెరాక్లిస్ పూజారి పదవికి వారే పేరు ప్రతిపాదించినవాడు. ఆ నడత అతణ్ని కొట్టివేత నుంచి కాపాడలేదు. బడిగంట గారి కాపరి గురించి కూడా ఒక మాట. ఏథెన్స్ న్యాయస్థానాల్లో బానిస సాక్ష్యం చెల్లాలంటే దాన్ని హింసించి రాబట్టి ఉండాలన్నది నియమం. నాటకంలో నోరు విప్పని ముసలి కాపరి చేతులు వెనక్కి విరిచి కట్టమని ఈడిపస్ ఆజ్ఞాపించినప్పుడు, ప్రేక్షకులకు అది తమకు తెలిసిన విచారణ లాగానే కనబడి ఉంటుంది. ఒకరి పుట్టుక తెలియడానికి మరొకరి శరీరం నొప్పి భరించవలసివచ్చింది.

దూరతీరం

కృష్ణాతీరం గారు చెప్పిన ఆ తండ్రి యాస దగ్గర నేను చాలాసేపు కదలలేకపోయాను. అమెరికా వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఊరికి వెళితే 'ఎవరబ్బాయివి బాబూ' అని అడుగుతారు. తాతగారి పేరు చెప్పగానే అరుగు మీద చోటిస్తారు. కాని నాలుగు మాటలయ్యాక నా తెలుగు మారిపోయిందని వారిలో వారు అనుకోవడం నాకు వినబడుతుంది. ఇక్కడ నా ఇంగ్లీషు విన్నవారు అసలు మీదే ఊరని అడుగుతారు. రెండుచోట్లా నా నోరే నా మీద సాక్ష్యం చెబుతోంది.

ఈడిపస్‌కు తిరగబడిన స్థితి ఇదే. పరాయివాడుగా వచ్చి స్థిరపడ్డవాడని అందరూ అనుకునే మనిషి థీబ్స్‌లోనే పుట్టినవాడని తేలుతుంది, అందుకు అతను సంతోషించడు అని గుడ్డి ప్రవక్త టైరీసియస్ ముందే చెబుతాడు. సొంత ఊరిలో పరాయివాడిగా గౌరవం పొందినన్నాళ్లూ క్షేమంగా ఉన్నాడు, సొంతవాడని తెలిసిన రోజున వెలివేత తప్పలేదు. అయితే సోఫోక్లిస్ అక్కడితో విడిచిపెట్టలేదు. తన చివరి రోజుల్లో రాసిన కొలోనస్ నాటకంలో, కళ్లు లేని ముసలి ఈడిపస్ కూతురి చేయి పట్టుకొని పరాయి నేల మీదికి వస్తాడు. అక్కడి పెద్దలు 'నీవెవరు, నీ తండ్రి ఎవరు' అని అడుగుతుంటే అడగవద్దని బతిమాలుతాడు. వారు వదలరు. ముక్కముక్కలుగా చెబుతాడు; వినగానే వెళ్లిపొమ్మంటారు. ఆ తరవాత వచ్చిన ఏథెన్స్ రాజు థీసియస్ మాత్రం, నేనూ నీలాగే పరాయిచోట పెరిగినవాణ్ని, నీకేం కావాలో చెప్పు అంటాడు. కొలోనస్ సోఫోక్లిస్ పుట్టిన ఊరు. ఆయన పోయిన తరవాత క్రీ.పూ. 401లో మనవడు ఆ నాటకాన్ని ప్రదర్శించాడు. చనిపోయే ముందు ఒక కవి తన నాయకుడికి తన సొంత ఊరిలో చోటిచ్చాడన్న సంగతి నాకు ఎంతో ఊరట.

రంగులపెట్టె

నేను నాటక సమాజంలో ముప్పై ఏళ్లుగా వేషాలు కడుతున్నాను, కాబట్టి రంగస్థలం వైపు నుంచి చెబుతాను. గ్రీకులో 'ప్రొసోపాన్' అన్న మాటకు ముఖమనీ అర్థమే, నటుడు తొడుక్కునే తొడుగుముఖమనీ అర్థమే. రెండింటికీ వేరువేరు మాటలు లేవు. నటులందరూ మగవారు, ప్రధాన పాత్రలను ముగ్గురే పంచుకునేవారు, ఒకే మనిషి ఒక నాటకంలో తొడుగు మార్చి రెండు మూడు పాత్రలు ధరించేవాడు.

యూరిపిడిస్ మరణానంతరం ప్రదర్శితమైన బాకే నాటకంలో, దేవుడి ఆవేశంలో ఉన్న అగావే తన కొడుకు పెంథియస్ తలను సింహం తల అనుకొని చేతిలో పట్టుకొని రంగం మీదికి వస్తుంది. ఆ తల పెంథియస్ పాత్ర తొడుగే అయి ఉంటుందని, అతని పాత్ర ధరించిన నటుడే అగావే వేషమూ వేసి ఉంటాడని పండితుల ఊహ. తండ్రి కాడ్మస్ ఆమెను అరిచి మేల్కొలపడు. ముందు ఆకాశం వైపు చూడమ్మా అంటాడు. ఎందుకని అడుగుతుంది. ఇంతకుముందులాగానే ఉందా, మారిందా? మునుపటికంటే వెలుగ్గా, తేటగా ఉంది. నిన్ను ఏ ఇంటికి కోడలిగా పంపాను? ఎఖియాన్ ఇంటికి. ఆ ఇంట నీకు పుట్టిన బిడ్డ ఎవరు? పెంథియస్. మరి నీ చేతుల్లో ఉన్న ముఖం ఎవరిది? సింహానిదని వేటకు వచ్చినవారు అన్నారు. సరిగ్గా చూడు, చూడటం పెద్ద కష్టమేమీ కాదు. అప్పుడు చూస్తుంది. తెలివి తప్పినవారిని ఇళ్లలో పెద్దలు మెల్లగా దారికి తెచ్చుకునే తీరు ఇదే. పుట్టిల్లు, అత్తిల్లు, బిడ్డ అనే వరసలో ఆమె ఎవరో ఆమెకు తిరిగి అప్పగించారు. ఎంత ఓర్పుతో అప్పగించినా చివరికి చేతికి వచ్చింది అదీ. ఆ ఘట్టం చదివినప్పుడల్లా నా గొంతు పట్టుకుపోతుంది.

బడిగంట గారి పుట్టుమచ్చల విషయంలో ఒక చిన్న మాట. క్రీ.పూ. 458లో ఎస్కిలస్ చూపిన నాటకంలో ఎలెక్ట్రా తన తమ్ముణ్ని జుట్టు పాయ, అడుగుజాడ, తాను నేసిన బట్ట అనే గుర్తులతో తెలుసుకుంటుంది. అదే కథను రాసిన యూరిపిడిస్ దగ్గర ఆమె వీటన్నింటినీ కొట్టిపారేస్తుంది: ఆడదాని జుట్టు, మగవాడి జుట్టు ఒకటిగా ఉంటాయా, చిన్ననాటి బట్ట ఎదిగిన మనిషికి పడుతుందా అంటుంది. చివరికి కనుబొమ మీది మచ్చను చూపించేది ఇంటి పాత సేవకుడు. అక్కతో కలిసి జింకపిల్లను తరుముతూ పడి తెచ్చుకున్న దెబ్బ అది. మళ్లీ ఇక్కడ కూడా సాక్షి ముసలి సేవకుడే.

ప్రశ్నలబుట్ట

కృష్ణాతీరం గారూ, యుక్సిథియస్ కథ విన్నాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. పుట్టుకతో పని లేదని హాయిగా అనగలిగేవాడు ఆ పుట్టుకను ఎవరూ ప్రశ్నించనివాడే. అయినా పూర్తిగా ఒప్పుకోను. యూరిపిడిస్ రాసిన అయాన్ నాటకాన్ని చూడండి. డెల్ఫీ గుడిలో పెరిగిన అనాథ కుర్రవాడికి, నిన్ను పారేసినప్పటి బుట్ట ఇదిగో అని గుడి పూజారిణి తెచ్చి ఇస్తుంది. అతను తెరవడానికి జంకుతాడు. తల్లి ఒక బానిస అని తేలితే, ఆమెను కనుక్కోవడం కంటే ఊరుకోవడమే మేలు కదా అనుకుంటాడు. ఈడిపస్ మాత్రం మూడు తరాల బానిసల బిడ్డనని తేలినా సరే, నా విత్తనమేదో చూడకుండా ఉండను అంటాడు. తనను అదృష్టదేవత బిడ్డగా ఎంచుకుంటాడు. ఈ ఇద్దరిలో నాకు అయాన్ భయమే ఎక్కువ నిజంగా అనిపిస్తుంది, ఎందుకంటే తల్లి ఏథెన్స్ స్త్రీ కాకపోతే ఆ నగరంలో నోరెత్తి మాట్లాడే హక్కే తనకుండదని అతనికి తెలుసు.

చివరికి బుట్ట తెరుస్తాడు. అతని కన్నతల్లి, ఏథెన్స్ రాణి క్రియూసా లోపలికి చూడకుండానే అందులోని వస్తువులు చెబుతుంది: తాను కన్నెపిల్లగా నేత నేర్చుకుంటూ సగంలో వదిలిన గుడ్డ, దాని నడుమ గోర్గాన్ అనే రాక్షసి బొమ్మ, బంగారు పాములు, వాడని ఆలివ్ కొమ్మల దండ. నేత రాని చేతులతో నేసిన ఆ గుడ్డ ఇంకెవరి దగ్గరా ఉండే అవకాశం లేదు. ఇదంతా నాకెంతో ఇష్టం. ఆ తరవాత జరిగిందే మింగుడుపడదు. ఆ కుర్రవాణ్ని కొడుకుగా నమ్మి అక్కున చేర్చుకున్న ఆమె భర్త క్సూథస్‌కు నిజం చెప్పవద్దని, ఆ నమ్మకంలోనే ఆయనను ఉంచమని ఎథీనా దేవి ఆదేశిస్తుంది. బిడ్డకు తల్లి దొరికింది, తండ్రి మాత్రం అబద్ధంలో మిగిలిపోయాడు.

చేమంతి

చాలాకాలంగా ఈ వేదికను చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ప్రశ్నలబుట్ట గారి చివరి వాక్యం నా చేత రాయిస్తోంది.

ఈడిపస్ అనుమానం ఒక విందులో మొదలైంది. తాగిన మనిషి ఒకడు, నువ్వు నీ తండ్రికి పుట్టినవాడివి కాదు అన్నాడు. నాకు పంతొమ్మిదేళ్ల వయసులో, ఒక పెళ్లిలో రెండో బంతికి కూర్చున్నప్పుడు పక్కనున్న బంధువు ఎంతో ఆప్యాయంగా 'నువ్వు చిన్నదాని కూతురివి కదూ' అన్నది. చిన్నది అంటే మా పిన్ని. బంధువులందరికీ తెలిసి, నాకొక్కదానికే తెలియని సంగతి అది. ఇంటికి వచ్చి అడిగితే అమ్మ 'ఆ మాట ఎత్తవద్దు తల్లీ' అని గదిలోకి వెళ్లిపోయింది. ఎన్నో ఏళ్ల తరవాత ఈ నాటకంలో, నీవెవరో నీకు ఎన్నటికీ తెలియకుండుగాక అని ఈడిపస్‌కు తల్లీ, భార్యా అయిన జొకాస్టా వేడుకొనే చోట నాకు అమ్మ గొంతే వినబడింది. జొకాస్టా అబద్ధం చెప్పడం లేదు, తన భర్తను బతికించుకోవాలని చూస్తోంది. ఈడిపస్ మాత్రం తన పుట్టుక తక్కువదని ఆమె సిగ్గుపడుతోందనుకుంటాడు. నేనూ అమ్మను అలాగే అపార్థం చేసుకున్నాను. నన్ను దాచాలని చూస్తోందనుకున్నాను. ఆమె భయపడింది నేను వెళ్లిపోతానేమోనని.

పిన్నిని అడగడానికి నాకు మరో మూడేళ్లు పట్టింది. ఆమె దాచలేదు. అక్కకు పిల్లలు లేరు, నన్ను ఇచ్చిన రోజున ఇద్దరూ కలిసే బస్సెక్కారు, దారంతా నేను ఏడవలేదు, దిగేచోట మాత్రం ఏడ్చాను అని చెప్పింది. ఆమెను ఇప్పటికీ పిన్ని అనే పిలుస్తాను. ఆ పిలుపు మార్చాలని ఆమె అడగలేదు.

ఎవరూ ప్రస్తావించని రెండు మాటలు ఆ నాటకంలో ఉన్నాయి. తనను పాలిబస్ కనలేదని వినగానే ఈడిపస్ అడిగే ప్రశ్నల్లో ఒకటి: వేరొకరి చేతుల నుంచి అందుకున్న నన్ను అంతగా ఎలా ప్రేమించగలిగాడు? కొరింథు కాపరి జవాబు: అంతవరకు ఆయనకు పిల్లలు లేకపోవడమే. అంతకు కాస్త ముందు, పాలిబస్ మరణవార్త విన్నప్పుడు, నా మీద బెంగతో చనిపోయి ఉంటే తప్ప ఆయన చావుకు నేను కారణం కాను అంటాడు. తన కన్నతండ్రి విషయంలో అతను అలాంటి మాట ఒక్కటి కూడా అనలేదు. బడిగంట గారూ, మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇంతే. కాపరి చెప్పింది ఎవరికి పుట్టాడన్న సంగతి. ఎవరి బిడ్డ అన్నది మాత్రం ఈడిపస్ నోటి నుంచే, తనకు తెలియకుండానే, ముందే వచ్చేసింది.

కృష్ణాతీరం

చేమంతి గారూ, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. ఇది చదివే దత్తత పిల్లలెవరైనా ఉంటే వారి కోసం ఒక సమాచారం. సంస్థల ద్వారా దత్తత వెళ్లినవారు తమ మూలాలు తెలుసుకోవడానికి మన దేశపు దత్తత నిబంధనల్లో వీలుంది. 2022 నాటి నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండినవారు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే బిడ్డకున్న ఈ హక్కు కన్నవారి గోప్యతను దెబ్బతీయకూడదన్న షరతు ఉంది. జొకాస్టాకు ఆ మాట చెప్పే హక్కు ఉందని చట్టం కూడా గుర్తించినట్టే.

బడిగంట

చేమంతి గారూ, మూడుసార్లు చదివిన నాటకంలో ఆ రెండు వాక్యాలను నేను దాటిపోయాను. రాత్రి మళ్లీ తీసి చూశాను, మీరు చెప్పినచోటనే ఉన్నాయి. ఒక్కటి అడుగుతాను, ఇబ్బందిగా ఉంటే జవాబు ఇవ్వవద్దు. నాటకమంతటిలో మీకు అందరికంటే దగ్గరగా అనిపించే మనిషి ఈడిపసేనా?

చేమంతి

ఇబ్బందేమీ లేదండీ. ఈడిపస్ కాదు, మెరోపీ. ఆమె ఒక్కసారి కూడా రంగం మీదికి రాదు. నాటకం మొదలయ్యేనాటికి భర్త చనిపోయాడు, కొడుకు ఎన్నో ఏళ్ల క్రితం ఏ కారణమూ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆమె బతికి ఉండటమే ఈడిపస్ భయానికి కారణం, ఆమె మంచితనాన్ని తలుచుకొనే సమయం అతనికి చిక్కలేదు. థీబ్స్‌లో జరిగినదంతా కళ్లారా చూసిన కొరింథు కాపరి ఆ తరవాత ఏమయ్యాడో నాటకంలో లేదు. బహుశా తిరుగుదారి పట్టి ఉంటాడు. ఆ బిడ్డను మొదట పాలిబస్ చేతుల్లో పెట్టింది అతనే కాబట్టి ఈ కబురూ అతనే మోసుకెళ్లి ఉంటాడు. ఆ ఇంటి గుమ్మంలో నిలబడి ఆమెకు ఏ మాటతో మొదలుపెట్టి ఉంటాడా అని నేను తరచూ ఆలోచిస్తుంటాను.